పరగడుపు నెత్తురు

మిషను లోపల పాతవన్నీ ఉంటాయట. నిన్న సాయంత్రం నర్సు రోజారమణి ఫోనులో, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. "రేపు పాపని స్కానింగుకి తీసుకొచ్చేటప్పుడు ఆ షుగరు మిషను కూడా తీసుకురాక్కా. పరగడుపునే రాండి. డాక్టరు మేడం మిషను చూస్తానంటుండారు. నువ్వు మర్చిపోయినవి కూడా దాంట్లో ఉంటాయిలే." ఫోను పెట్టేసినప్పటినుంచి వెంకటశేషమ్మ అదే ఆలోచిస్తోంది. ఉంటాయంటే ఎక్కడుంటాయి? అరచేతిలో ఇమిడే వస్తువు. నెత్తుటి బొట్టు పీల్చుకుంటుంది, అద్దం మీద అంకె చూపిస్తుంది, కాసేపటికి దానంతట అదే ఆరిపోతుంది. ఆరిపోయిన అంకె పోయిందనే అనుకుంది ఇన్నాళ్లూ, పలక మీద రాసింది తడిచేత్తో తుడిచేసినట్టు. తను చూసినదానికి తను తప్ప సాక్షి లేదనుకుంది. ఇప్పుడు ఆసుపత్రి వరండాలో ఇనప బల్ల మీద కూర్చుని, ఆ సాక్షిని తువ్వాల్లో మూటగట్టి ఒడిలో పెట్టుకుని, ఎదురుగా మూసి ఉన్న తలుపు వైపు చూస్తోంది. తలుపు వెనక కూతురు వినీల పొట్ట మీద జిగురు పూసి, టీవీలో బిడ్డని చూస్తున్నారు. లోపల బిడ్డని చూడడం అయిపోగానే బయటికొచ్చి ఈ అమ్మమ్మని చూస్తారు. మిషను ఇటివ్వు అంటారు. ఎక్కడో ఒక బొత్తాం నొక్కుతారు. అంతే.

పొద్దున మొదటి బస్సులో వస్తూంటే కాలవ వంతెన మీద చెయ్యి కిటికీ దాకా పోయింది. విసిరేస్తే సరిపోతుంది, బస్సు కుదుపుకి జారిపోయిందని చెప్పొచ్చు, నీళ్లలో పడ్డది మళ్లీ ఎవరు చూడొచ్చారు అనుకుంది. అయితే జారిపోయిందంటే నమ్ముతారా, నమ్మినా కొత్తది ఇచ్చి పాపని ఇక్కడే పడుకోబెట్టుకుని వాళ్లే చూస్తామంటారేమో, అప్పుడు అబద్ధం ఇంకా పెద్దదై కూర్చుంటుంది. పక్క సీట్లో వినీల తల తెచ్చి భుజం మీద వాల్చింది. నెలలు నిండుతున్న పిల్ల తల ఇంత తేలికగా ఉంటుందా? రవిక పైన ఎముక గుచ్చుకుంది. "ఏందిమా, చెయ్యి బయట పెట్టినావు, బస్సులొస్తుండాయి" అని కళ్లు మూసుకునే గొణిగింది. చెయ్యి లోపలికి తీసుకుంది. కాలవ వెనక్కి పోయింది, రొయ్యల గుంటల మీద తిరిగే చక్రాల నీళ్ల చప్పుడు పోయింది, వరి మళ్లొచ్చాయి, తర్వాత ఊరు, తర్వాత ఈ బల్ల.

అబద్ధం చెప్పాలని మొదలుపెట్టింది కాదు. మిషను ఇచ్చిన రోజున రోజారమణి ఎన్నో చెప్పింది. పొద్దున పరగడుపున ఒకసారి, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకి ఒకసారి వేలు పొడిచి చూడండి, నేను ఫోను చేసినప్పుడు అంకెలు చెప్పండి, పొద్దుటిది తొంభై అయిదు దాటకూడదు, దాటుతూ ఉంటే మేడం ఇన్సులిన్ సూది మొదలుపెడతారు అంది. సూది అన్న మాట దగ్గరే వెంకటశేషమ్మ చెవులు ఆగిపోయాయి. తన తల్లి ముసలమ్మకి కూడా మొదట సూదే అన్నారు. మొదలుపెట్టిన రోజున నవ్వుకుంటూ పొట్ట మీద పొడిపించుకుంది. ఆ తర్వాత కాలి బొటనవేలు, ఆ తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా. కోసిన కాలికి దురద పుడుతోందే అని లేని చోట గోక్కునేది. సూది వల్ల కాదు, అప్పటికే ఆలస్యమైందని డాక్టరు చెప్పిన మాట వెంకటశేషమ్మకి గుర్తుంది. గుర్తున్నంత మాత్రాన భయం వింటుందా? అందుకే మిషను మొదటి రోజే నూట అరవై చూపించినప్పుడు, ఫోనులో రోజారమణి ఎంతక్కా అని అడిగినప్పుడు, నోరే చెప్పేసింది, తొంభై. మర్నాడు నూట డెబ్భై దాటితే తొంభై రెండు. ఎప్పుడూ ఒకటే చెబితే అనుమానిస్తారని ఒకనాడు ఎనభై ఎనిమిది. "ఏందక్కా, మీ పాప షుగరు మా గోడ గడియారం కంటే కరెట్టుగా ఉండాదే!" అని రోజారమణి నవ్వితే తనూ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు చెంపలు మండుతున్నాయి. వినీలకి కూడా అదే చెప్పింది, తొంభై అని. ఆ పిల్ల ఎటూ చూడదు. నెత్తురు చూస్తే చిన్నప్పుడే కళ్లు తిరిగి పడేది. వేలు తల్లి చేతికిచ్చి, మొహం గోడకి తిప్పుకుని, అయిందా మా అయిందా మా అంటుంది.

పోయిన నెల మేడం పొట్ట చుట్టూ టేపు పెట్టి చూసి, నుదురు ముడేసి, అంకెలు బాగున్నాయి కదా మరి బిడ్డ ఎందుకు పెరగడం లేదు అని తనలో తను అనుకున్నట్టు అంది. ఎందుకో వెంకటశేషమ్మకి తెలుసు. షుగరు తింటోంది బిడ్డని. లోపల చీకట్లో, ఎవరూ చూడకుండా, కొంచెం కొంచెం. వినీల కంటే ముందు ఒక మగబిడ్డ పుట్టాడు తనకి. పుట్టాడు అనకూడదేమో. నిండు నెలల్లో ఒకనాడు మధ్యాహ్నం కదలడం మానేశాడు. బయటికి తీశాక చూస్తే గుమ్మడికాయంత బొద్దుగా, బుగ్గలతో, వేళ్ల మధ్య ముడతలతో, అన్నీ ఉన్నాయి, ఏడుపొక్కటే లేదు. ఇంత బలమైన బిడ్డ ఎందుకు పోయాడే అని అందరూ అడిగినవాళ్లే, చెప్పినవాళ్లు లేరు. ఇన్నేళ్ల తర్వాత వినీలకి షుగరని తేలినప్పుడు, అమ్మా మీకు కాన్పుల్లో షుగరుండేదా అని మేడం అడిగింది. ఏమో, అప్పుడెవరు చూశారు అని చెప్పింది కానీ ఆ పూట బస్సులో ఇంటికి పోతూ కొంగు నోట్లో కుక్కుకుంది. తల్లి ఒంట్లోంచి తన ఒంట్లోకి వచ్చింది, కొడుకు చాలక ఇప్పుడు కూతురికి కూడా అంటించింది. అల్లుడు మంచివాడు. ఏమీ అనడు. ఏమీ అనని వాళ్లతోనే భయం ఎక్కువ, లోపల ఏం అనుకుంటున్నారో తెలియదు.

అందుకే ఆమె తన వైద్యం తను చేసింది. మిషను చెప్పేది ఒక విచిత్రం. మధ్యాహ్నం అన్నం తిన్నాక చూస్తే నూట పది, నూట పదిహేను, అది ఉన్నదున్నట్టే ఫోనులో చెప్పేది. పొద్దున ఏమీ తినకుండా చూస్తే నూట అరవై, నూట ఎనభై. తింటే తక్కువ, తినకపోతే ఎక్కువ. ఆలోచించి ఆలోచించి ఆమెకి ఒకటే తోచింది, రాత్రి తిన్నది కడుపులో ఊరి ఊరి తెల్లారేసరికి నెత్తుట్లోకి దిగుతోంది. ముందు రాత్రి అన్నం మాన్పించింది. పొద్దుటి అంకె దిగలేదు. చపాతీ మాన్పించింది. దిగలేదు. చివరికి గ్లాసుడు రాగిజావ, అదీ నీళ్లలాగా. "తొంభైయే కదమా వచ్చింది, ఒక్క ముద్ద పెడితే ఏం?" అని వినీల గిన్నె పక్కన చతికిలబడి అడిగేది. "పెట్టకపోబట్టే తొంభై వచ్చింది, నోరు కట్టుకో, ఇంకెన్నాళ్లు" అనేది తను. ఒకరోజు పొద్దుగూకే వేళ పెరట్లో పొయ్యి వెనక చప్పుడైతే పిల్లి అనుకుని పోయి చూసింది. వినీల. పొట్టేసుకుని కిందికి వంగి, గిన్నె అడుగున అంటిన మాడు గోకి తింటోంది. చేతిమీద ఒక్కటేసింది. నెలలు నిండుతున్న పిల్లని కొట్టింది. "నీ బిడ్డని నువ్వే చంపుకుంటావా" అని కూడా అంది. వినీల ఏడవలేదు, మూతి తుడుచుకుని లోపలికి పోయింది. ఆ మాట గాలికి పోలేదు, ఇప్పటికీ పొయ్యి వెనకే ఎక్కడో కూర్చుని ఉంటుంది.

తలుపు ఇంకా తెరవలేదు. ఎందుకింతసేపు? ముందు వెళ్లిన పిల్లలు ఇట్టే వచ్చేశారు. లోపల టీవీలో ఏదో చూసి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారా? పెద్ద డాక్టరుకి కబురు పెట్టారా? గుండె వినబడలేదేమో. పొద్దున బస్సులో బిడ్డ కదిలాడా అని అడగనే లేదు. ఎందుకు అడగలేదు? లేదు అంటుందేమోనని అడగలేదు. వరండా చివర ఎవరో ఇడ్లీ పొట్లం విప్పారు, అల్లం చట్నీ వాసన వచ్చింది. తన సంచిలో కూడా డబ్బా ఉంది, నెత్తురు తీసుకున్నాక పెడదామని తెచ్చింది, రెండే ఇడ్లీలు. రెండే. మూడోది పెట్టబోయి తీసేసింది.

"ఏందక్కా, మూటని అంత గెట్టిగా పట్టుకోనుండావు, లోపల బంగారమా?" పక్కన కూర్చున్న ఆవిడ అంది. పేరు ఎలిశబెతు, బుచ్చిరెడ్డిపాలెం, కోడలిని తీసుకొచ్చింది. వచ్చిన కాసేపట్లోనే ఊరు పేరు, కోడలి తిండి, కొడుకు తాగుడు అన్నీ చెప్పేసింది.

"బంగారం కాదమ్మా. మా పాప షుగరు చూసే మిషను."

"షుగరు మిషనుకి చీమలు పడతాయా? చూసుకో, నీ మోచేతి దాకా వచ్చినాయి. లడ్డూలు దాచినావేమోలే, నేనేం అడగనులే అక్కా!"

వెంకటశేషమ్మ మోచెయ్యి చూసుకుంది. చీమలు వచ్చాయి. ఇక్కడికి కూడా వచ్చాయి. ఇంట్లో గూట్లో తువ్వాలు మీద మిషను పెడితే చాలు, సాయంత్రానికి ఎర్రటి గీత గీసినట్టు గోడ మీంచి దిగేవి. మొదటిసారి చూసినప్పుడు వాకిట్లోనే కూలబడింది. బిడ్డ నెత్తురు అంత తియ్యగా అయిపోయిందా, చీమలు వచ్చేంతగానా! ముసలమ్మ ఒంటేలికి చీమలు పట్టాయని అప్పట్లో ఊళ్లో చెప్పుకునేవాళ్లు. అందుకే వినీల చూడకముందే గూడు దులిపేది, నెత్తురు అద్ది మిషనుకి పెట్టే పట్టీలన్నీ వాడాక పొయ్యిలో వేసేది. ఇప్పుడు ఈవిడ చూసింది. ఈవిడ రోజారమణితో అంటుంది, ఆమె మేడంతో అంటుంది. మూట విప్పి దులిపేద్దామని ముడి లాగింది. మిషను నల్లటి సంచిలో ఉంది. సంచి మీద చీమ లేదు. పొద్దున తీసిన పట్టీ, నెత్తుటి మరకతో, కంగారులో పొయ్యిలో వెయ్యడం మర్చిపోయి సంచిలోనే పెట్టింది. తీసి చూసింది. దాని మీద కూడా లేదు. చీమలన్నీ తువ్వాలు మీద ఉన్నాయి. తువ్వాలుకి ఒక్క కొసన, ఎప్పుడూ తన భుజం మీద ముందుకి వేలాడే కొసన, గుడ్డ కనబడనంతగా ముసిరి ఉన్నాయి. ఆ కొసన నెత్తుటి చుక్క ఒక్కటీ లేదు. గోధుమ రంగు మరక, ఎండి, బిరుసెక్కి. ఆమె చీమల్ని విదిలించి కొసని ముక్కు దగ్గర పెట్టుకుంది. పులిసిన వాసన. ఎందుకలా చేసిందో తెలియదు, నాలుక చివర పెట్టి చూసింది.

తియ్యగా ఉంది.

తెల్లవారుజామున గుంట గట్టు మీద నీలం డ్రమ్ము. రొయ్యలకి నీళ్లు బాగుండాలని తవుడు, మందుపొడి, బెల్లం కలిపి రాత్రంతా పులియబెడతారు. పొద్దున మళ్లీ బెల్లం చిదిమి వేసి కలియబెట్టాలి. భర్త పెంచలయ్యకి నడుము పట్టేసినప్పటినుంచి ఆ పని తనది. కర్రతో గడ్డలు కరగవు, చేత్తోనే చిదమాలి. మోచేతి దాకా చెయ్యి పెట్టి చిదిమి, కాలవ ఉప్పునీళ్లలో చేతులు జాడించి, భుజం మీద తువ్వాలుతో తుడుచుకుని, పరగడుపు వేళ దాటిపోతుందని పరిగెత్తుకుంటూ ఇంటికి. ఆ నీళ్లకి సబ్బు నురగ రాదు. మంచినీళ్లు క్యాన్లలో వస్తాయి, తాగడానికే చాలవు. వేలు బాగా కడిగి, ఆరిపొయ్యేదాకా తుడవమని రోజారమణి చెప్పింది కదా అని, పాప వేలు చెంబెడు క్యాను నీళ్లతోనే కడిగేది. కడిగి తుడిచేది. దీంతో. ఈ కొసతో. మధ్యాహ్నం స్నానం చేసి, ఉతికిన చీర కొంగుతో తుడిచేది. అందుకే మధ్యాహ్నం నూట పది. అందుకే తింటే తక్కువ, తినకపోతే ఎక్కువ. ఇవాళ పొద్దున కూడా, చీకట్లో, బస్సుకి ముందు, ఆఖరుసారి చూసుకుందామని పొడిచింది, నూట డెబ్భై రెండు చూసి వణికింది. బెల్లాన్ని చూసి వణికింది. బిడ్డ నెత్తుట్లో లేనిది తన తువ్వాలులో ఉంటే, తువ్వాలుని తిట్టకుండా బిడ్డ కంచం లాక్కుంది. మిషను చెప్పింది తప్పు, ఫోనులో తను చెప్పింది తప్పు, నిజం ఎంతో ఎవరికీ తెలియదు, రాత్రుళ్లు ఖాళీ కడుపుతో గోడవైపు తిరిగి పడుకున్న ఆ పిల్లకి తప్ప, ఆ పిల్ల లోపల ఉన్నవాడికి తప్ప. షుగరు తినలేదు వాణ్ణి. ఎవరు తిన్నారు మరి? ఎవరూ తినలేదు, అదే, ఎవరూ తినలేదు, తిననివ్వలేదు. నీ బిడ్డని నువ్వే చంపుకుంటావా. పొయ్యి వెనక కూర్చున్న మాట లేచి వచ్చి వరండాలో ఆమె ఎదురుగా నిలబడింది.

తలుపు తెరుచుకుంది. రోజారమణి కాగితాలు పట్టుకుని ముందు, వినీల చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వెనక. ఎవరూ నవ్వడం లేదు. "బిడ్డ బరువు తక్కువే ఉండాడక్కా. గుండె బాగా కొట్టుకుంటుండాది, భయపడమాక. మేడం వచ్చే లోపల మిషను ఇటియ్యి" అని చెయ్యి చాచింది. గుండె కొట్టుకుంటోంది. ఆ ఒక్క మాటకి వెంకటశేషమ్మ కళ్లలో నీళ్లొచ్చాయి, వెంటనే ఇంకో భయం పట్టుకుంది, ఇప్పుడు ఊరుకుంటే, మిషను ఇచ్చేసి ఊరుకుంటే, అందులో నూట ఎనభైలు చూసి పాపకి సూది పొడుస్తారు. తిండి లేని ఒంటికి, లేని షుగరుకి సూది. ముసలమ్మకి ఒకసారి సూది వేసుకుని తినడం ఆలస్యమైతే చెమటలు పట్టి, నాలుక మడతబడి, మనిషి దక్కుతుందనుకోలేదు.

"ముందు దాని వేలు కడుగమ్మా" అంది. "నువ్వు కడుగు. సబ్బుతో. మీ గుడ్డతో తుడువు. నేను ముట్టుకోను."

"ఏందక్కా, ఏమైంది?"

"నేను చెప్పిన తొంభైలు అబద్ధం. దీంట్లో ఉండేవి కూడా అబద్ధమేనమ్మా. నా చేతులకి బెల్లం ఉండాది. ముందు చూడు, తర్వాత నన్నేమైనా అను."

వినీల తల్లి వైపు విచిత్రంగా చూసింది. రోజారమణి వరండా చివర కుళాయి దగ్గరకి వినీలని తీసుకెళ్లి, సబ్బుతో రుద్ది కడిగి, దూదితో ఆరేదాకా తుడిచింది. వెంకటశేషమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడింది. వేలు పొడిచే వేళ వినీల అలవాటుకొద్దీ తల్లి వైపు చెయ్యి చాచింది, పట్టుకోవడానికి. ఆమె పట్టుకోలేదు. అయిందా మా, అయిందా మా. మిషను బొట్టు పీల్చుకుంది. అద్దం మీద అంకెలు ఒకటొకటే దిగుతున్నాయి. ఎక్కువ రావాలా, తక్కువ రావాలా? ఎక్కువ వస్తే రోగం. తక్కువ వస్తే తను. దేవుడా అని మొదలుపెట్టి ఏం అడగాలో తెలియక ఆగిపోయింది.

అరవై ఎనిమిది.

రోజారమణి పాత అంకెలు చూడటానికి బొత్తాం నొక్కలేదు. వినీల వైపు తిరిగి మెల్లగా అడిగింది. "రాత్రి ఏం తిన్నావు పాపా?"

"జావ."

"జావతో పాటు?"

వినీల తల్లి మొహం చూసింది, చెప్పొచ్చా అన్నట్టు. ఆ చూపు చాలు. ఇంకెవరూ ఏమీ అననక్కర్లేదు. "దాన్నేం అడగొద్దమ్మా" అంది వెంకటశేషమ్మ. "నేను పెట్టలేదు."

రోజారమణి తిట్టలేదు. తిడితే బాగుండేది. ముందు తినిపించు, ఇప్పుడే, మేడంకి నేను చెప్తాను, వారం పాటు ఇక్కడే ఉంచి సరిగ్గా తిననిచ్చి అప్పుడు చూద్దాం, ఇంకా టైముంది, పెరుగుతాడు అంది. పెరుగుతాడా? ఇన్ని రోజులు లేనిది ఇప్పుడు పెడితే వాడికి అందుతుందా? ఆమె వెళ్లాక ఎలిశబెతు తన సంచిలోంచి పూరీల ఆకు పొట్లం తీసి, బల్ల మీద వినీల పక్కన పెట్టి, అటు తిరిగి కూర్చుంది.

వెంకటశేషమ్మ కుళాయి దగ్గరకి వెళ్లింది. ఈ ఊరి నీళ్లకి నురగ బాగా వస్తుంది. మోచేతుల దాకా తెల్లటి నురగ. గోళ్ల సందుల్లో, గాజుల కింద, వేళ్ల మధ్య ముడతల్లో రుద్దింది, కడిగింది, వాసన చూసింది, మళ్లీ రుద్దింది. ఎంత కడిగినా ఎక్కడో ఇంకాస్త ఉన్నట్టే ఉంది. బల్ల దగ్గరకి వచ్చి, తువ్వాలు వైపు చూసి, చీర కొంగు వైపు చూసి, దేనితోనూ తుడుచుకునే ధైర్యం లేక, రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నిలబడింది. నీళ్లు మోచేతుల మీంచి నేల మీద కారుతున్నాయి. ఆరాలి. ఆరాక గానీ ముట్టుకోకూడదు.

వినీల అప్పటికే సంచిలోంచి డబ్బా తీసి, మూత తెరిచి ఒళ్లో పెట్టుకుంది. తల్లి చేతుల వైపు చూసింది, ఇడ్లీల వైపు చూసింది. పొట్ట మీద చీర ఒకచోట కదిలింది, లోపలినుంచి ఎవరో మడమ పెట్టి తోసినట్టు.

"తడి చేత్తోనే పెట్టు మా," అంది. "ఆరేదాకా ఆగలేను."